చలి ముదరకముందే ఒక బొంత

చలికాలపు తొలి వారాలు సూది పట్టడానికి అనువైన రోజులు. వేళ్లకు చెమట పట్టదు, దారం చేతికి అంటుకోదు, మధ్యాహ్నపు ఎండలో చాప పరుచుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కోంటా తహసీలులో ఉన్న కిష్టారం వైపు ఈ కాలం మరీ బాగుంటుంది. ఒకప్పుడు అదంతా బస్తర్ జిల్లా. 1998లో దంతెవాడగా, 2012లో సుక్మాగా విడిపోయింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా అక్కడి మాటలోనూ సంతలోనూ చుట్టరికాల్లోనూ గోదావరి వైపు తెలుగు కలిసే ఉంది. ఇవతల చర్ల, దుమ్ముగూడెం; అవతల కిష్టారం, గొల్లపల్లి; నడుమ అడవి. వరికోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరే రోజుల్లో పగలు ఎండ కాస్తూనే ఉంటుంది. పొద్దు గూకిందంటే చలి కమ్ముకుంటుంది, వాకిళ్లలో నెగళ్లు లేస్తాయి. నెగడు ముందు కూర్చున్న మనిషికి ఛాతీ, మోకాళ్లు కాగుతాయి గాని వీపు కాగదు. వీపుకు బొంత కావాలి.

బొంత అనగానే చాలామందికి లేనివాళ్ల పక్కగుడ్డ గుర్తొస్తుంది. ఆ చిన్నచూపు వల్లే దాని పనితనం గురించి మనం రాసుకున్నది తక్కువ. నేతకు పుస్తకాలున్నాయి, కలంకారీకి ఉన్నాయి, అద్దకానికి ఉన్నాయి. కోట్ల మంది తెలుగువాళ్లు పుట్టిన రోజు నుంచీ కప్పుకున్న బొంతను ఎలా కుడతారో వివరంగా చెప్పేవి ఎన్ని దొరుకుతాయి? అందుకే ముందు ఆ పని గురించే చెబుతాను.

మొదటి తెలివి గుడ్డ ఎంపికలో ఉంది. బొంతకు కావలసింది బాగా కట్టి, బాగా ఉతికిన నూలు చీర. కొత్త చీరలో గంజి ఉంటుంది, నూలు బిరుసుగా ఉంటుంది, ఉతికితే ముడుచుకుంటుంది. కొత్త గుడ్డను పాత గుడ్డతో కలిపి కుడితే మొదటి ఉతుకులోనే ఒకటి ముడుచుకుని, రెండోది అలాగే ఉండి, బొంత అంతా ఉబ్బెత్తుగా ముడతలు పడుతుంది. ఏళ్ల తరబడి కట్టిన చీర ముడుచుకోవలసినంతా ముడుచుకుని ఉంటుంది. ఇక మెత్తబడటమే తప్ప మారదు. బస్తర్, కోరాపుట్ సీమల్లో పనికా, మిర్గాన్ నేతగాళ్లు తొగరు చెట్టు వేరు నుంచి తీసిన ఎరుపు, గోధుమ రంగులతో ముతక నూలు బట్టలు నేస్తారు. అక్కడి కోట్‌పాడ్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి ముతక బట్ట ఒళ్లు అరిగాక బొంత లోపలికి ఎంతో మంచిది. సన్నటి మిల్లు చీరలు రెండు వేసే చోట అది ఒక్కటి చాలు.

ఇక లెక్క. చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. దాన్ని నిలువునా మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు వస్తాయి. అంటే ఒక్క చీరకు ఒక మనిషి కొలతలో మూడు పొరలు. రెండు చీరలైతే ఆరు పొరలు, అది మామూలు చలికి కప్పుకునే బొంత. కింద పరుచుకోవడానికైతే ఇంకో రెండు చీరలు పడతాయి. ఆలుమగలు, నడుమ పిల్లాడు పడుకోవాలంటే పన్నాలు రెండు పక్కపక్కన కలిపి అతకాలి. కొలబద్ద పట్టని ఆడవాళ్లు ఈ లెక్కంతా మూరతో, జానతో తేలుస్తారు. చీరను మోచేతికి చుట్టి చూసి ఇది ఎవరికి సరిపోతుందో చెప్పేస్తారు.

పొరల వరసలోనూ ఒక పద్ధతి ఉంది. గట్టిగా ఉన్న చీర పైకి, ఒంటికి తగిలే మెత్తనిది కిందికి, చిరుగులున్నవి నడుమకు. చిరుగు ఉన్న చోట ఇంకో ముక్క వేసి సమం చేస్తారు, లేకపోతే అక్కడ గుంట పడి అక్కడి నుంచే చలి దూరుతుంది. నడుమ పొరలో లుంగీ ముక్కలు, పంచె ముక్కలు, పిల్లల చొక్కా వీపులు కూడా వస్తాయి. గుండీలు, హుక్కులు, జరీ అంచులు మాత్రం తీసేయాలి. జరీ ఒంటికి గీసుకుంటుంది, సూదికీ అడ్డం పడుతుంది.

పరిచేటప్పుడే బొంత బాగోగులు తేలిపోతాయి. అలికిన నేల మీద గాని, గచ్చు మీద గాని కింది చీర పరిచి, చేత్తో నీళ్లు చిలకరించి, నడుమ నుంచి అంచులకు అరచేతులతో నిమురుతూ పోతారు. తడి గుడ్డ నేలకు అతుక్కుని కదలదు. దాని మీద రెండోది, మూడోది. నాలుగు మూలలా రోకలి, కత్తిపీట, నీళ్ల బిందె, ఏది దొరికితే అది బరువు పెడతారు. తర్వాత పొడుగు పొడుగు టాకాలు. టాకా ఎప్పుడూ నడుమ నుంచి మొదలవ్వాలి, నక్షత్రంలా అంచులకు సాగాలి. అంచు నుంచి మొదలుపెడితే మిగులు గుడ్డంతా నడుమకు చేరి గూడు కడుతుంది, ఆ ముడతను తర్వాత ఎవరూ సరిచేయలేరు. తొందరపడే చేతులు తప్పు చేసేది ఇక్కడే. నన్నడిగితే బొంతకు పట్టే కాలంలో పావు వంతు ఈ పరచడానికే ఇవ్వాలి.

కుట్టు చూడటానికి సాదాగా ఉంటుంది. సూది కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. పొరలు పలచగా ఉంటే పెద్ద సూది, మందంగా ఉంటే దబ్బనం. దారం రెండు పేటలు, కొందరు నాలుగు పేటలు వేసి పురి పెడతారు. ముడి బయట కనిపించకుండా పొరల నడుమకు లాగి దాచేస్తారు, ఎందుకంటే బయటి ముడి రాపిడికి ముందుగా తెగుతుంది. కుట్టు బియ్యపు గింజంత ఉంటే మేలు. వేలి గణుపంత అయిందంటే కాలి వేళ్లు తగులుకుని తెంపుతాయి. వరుసకూ వరుసకూ మధ్య అంగుళం ఎడం పెట్టామనుకుందాం. పన్నా 45 అంగుళాలు కాబట్టి 45 వరుసలు, ఒక్కోటి ఆరడుగులు, మొత్తం 270 అడుగుల కుట్టు. రెండు పేటల లెక్కన దారం 160 మీటర్లు దాటుతుంది. అందుకే బొంత ఒంటరి పని కాదు. అటొకరు, ఇటొకరు కూర్చుని ఎవరి అంచు నుంచి వాళ్లు మొదలుపెట్టి నడుమన కలుస్తారు. "అత్తా, కాస్త అటు లాగు", "నీ వరస వంకర పోతోందే పిల్లా" అనే మాటల మధ్యే ఊరి కబుర్లన్నీ నడుస్తాయి. కోడలి కుట్టు, అత్త కుట్టు, పక్కింటి అమ్మాయి కుట్టు ఒకే బొంతలో తేడాగా కనిపిస్తాయి. ఆ తేడాను దాచాలని ఎవరూ అనుకోరు.

చివరికి అంచు. నాలుగు వైపులా వేరే చీర నుంచి చించిన పట్టీని మడిచి కుడతారు, మూలల్లో ఇంకో ముక్క వేసి బలం ఇస్తారు. బొంత చిరిగేది మూలల్లోనే, ఎండేయడానికి, దులపడానికి పట్టుకునేది అక్కడే కాబట్టి.

ఇంత పని చేస్తే వచ్చే వెచ్చదనం ఎక్కడిది? గుడ్డ తనకు తానుగా వేడిని పుట్టించదు. పొరల నడుమ కదలకుండా చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. కుట్టు బిగిసిన చోట గుడ్డ లోపలికి లొంగి, రెండు వరుసల నడుమ చిన్నగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుల్లోనే గాలి నిలుస్తుంది. కుట్టు మరీ దట్టమైతే బొంత అట్టలా బిగుసుకుని గాలి చోటు పోతుంది, మరీ ఎడమైతే పొరలు జారి ఒక మూలకు చేరతాయి. అంగుళం ఎడం అనేది తరతరాల చేతులు తేల్చిన కొలత. మరో సంగతి: పొరలన్నీ కుట్టుతో ఒక్కటైనందువల్ల లాగినప్పుడు బరువు ఏ ఒక్క గుడ్డ మీదా పడదు. విడిగా కట్టలేనంత అరిగిన చీర కూడా బొంతలో ఇంకో పదేళ్లు నిలుస్తుంది. పై పొర చిరిగితే దాని మీదే మరో చీర వేసి కుడతారు. పాత బొంత విప్పి చూస్తే లోపల ఇంకో పాత బొంత ఉండటం అందుకే.

అడవి ఊళ్లకు ఇంకో లాభం ఉంది. నెగడు నుంచి నిప్పు రవ్వ ఎగిరి నూలు బొంత మీద పడితే చిన్న చిల్లు పడుతుంది, చేత్తో నులిమేస్తాం. పాలియెస్టర్ దుప్పటి మీద పడితే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. నెగడు చుట్టూ పిల్లలు పడుకునే ఇళ్లలో ఇది చిన్న తేడా కాదు.

పాత గుడ్డను పొరలు వేసి కుట్టడం దేశమంతటా ఉంది. ఛత్తీస్‌గఢీలో కథరి, మరాఠీలో గోధడి, బెంగాల్లో కాంథా, బీహార్‌లో సుజని. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీల కవంది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆఫ్రికా నుంచి వచ్చిన పూర్వీకుల సంతతి వాళ్లు. బొంతను అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు కుట్టుకుంటూ పోతారు, చివర నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ పువ్వులు పెట్టందే అది పూర్తయినట్టు ఒప్పుకోరు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో మ్యూజియంలలో గోడలకు వేలాడదీసి చూపారు. బెంగాల్ నక్షీ కాంథాకు, బీహార్ సుజనికి భౌగోళిక గుర్తింపులు వచ్చాయి. మన బొంత మాత్రం అటక మీదే ఉంది.

అల్లిక సంగతి కూడా చెప్పాలి. ఉన్నితో స్వెట్టర్లు అల్లడం మన వైపు పట్టణాల్లో కొంత సాగింది గాని పల్లెల్లో వేళ్లూనలేదు. మన చలి ఎనిమిది వారాలకు మించదు, ఉన్ని కొనాలి, నూలు ఇంట్లోనే ఉంది. నూలు దారంతో, ఒకే కొక్కెం సూదితో అల్లే లేసు మాత్రం గోదావరి వెంట బాగా అల్లుకుంది. మిషనరీల చేతుల మీదుగా 19వ శతాబ్దంలో వచ్చిన ఈ పని కిష్టారానికి దిగువనున్న దుమ్ముగూడెంలోనూ, గోదావరి సముద్రంలో కలిసే వైపు నరసాపురంలోనూ నిలిచింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఇక్కడొక చేదు నిజం ఉంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం వేశారు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పని అని పేరు పెట్టినందుకే ఆ ఆడవాళ్ల శ్రమకు కూలి అంత తక్కువగా కట్టారని, లాభం మధ్యవర్తులకు పోయిందని ఆమె చూపారు. చేతిపని ఆనందం గురించి రాసే ఎవరైనా ఆ మాట మరవకూడదు. తనవాళ్ల కోసం, తన ఇష్టానికి కుట్టుకున్నప్పుడు సూది సంతోషం ఇస్తుంది. అమ్మకానికి కుట్టిస్తే మాత్రం పూటల లెక్కన కూలి ఇవ్వాలి. మీ వీధిలోకి "బొంతలు కుడతాం" అంటూ వచ్చే ఆడవాళ్లతో బేరమాడే ముందు ఆ 270 అడుగులు గుర్తు చేసుకోండి.

బొంత తగ్గిపోవడానికి కారణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఇప్పుడు కట్టే చీరల్లో చాలావరకు పాలియెస్టర్. అది చెమట పీల్చదు, పొర మీద పొర జారుతుంది. మిగిలిన నూలు చీరలను పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు పట్టుకుపోతారు. నాలుగు చీరలకు ఒక గిన్నె. సంతల్లో చవక దుప్పట్లు వచ్చాయి. వాటిలో కొన్ని హర్యానాలోని పానిపట్టులో పాత ఉన్ని బట్టలను చింపి, దువ్వి, మళ్లీ నూలు తీసి నేసినవే. అంటే పాత గుడ్డను చలి దుప్పటిగా మార్చే ఆలోచన అక్కడా అదే. యంత్రాల్లో పడ్డాక ఆ గుడ్డ ఎవరిదో తెలియదు.

మనకు ఇంకా తెలుసు. అందుకే ఈ ఏడు ఒక్కటి కుట్టండి. పెద్దది వద్దు. పుట్టబోయే బిడ్డకు చేసే చిన్న బొంతతో మొదలుపెట్టండి: రెండు జానల వెడల్పు, మూడు జానల పొడవు, అమ్మమ్మ చీర నుంచి రెండు పొరలు, నాయనమ్మ చీర నుంచి రెండు పొరలు. పాలియెస్టర్ తప్పనిసరైతే నడుమకు వేయండి, ఒంటికి తగిలేది నూలే ఉండాలి. తడిపి పరచండి, నడుమ నుంచి టాకా వేయండి, అంగుళానికో వరుస నడపండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే దబ్బనం వాళ్ల చేతికిచ్చి పక్కన కూర్చోండి. మగపిల్లలనూ కూర్చోబెట్టండి. స్టీలు గిన్నెలవాళ్లకు ఈసారికి చీరలు లేవని చెప్పి పంపేయండి.