నీటి బాండు వెనక చేతిపని

కోయిలకుంట్ల మండలం మీదుగా సాగే కుందూ నదిలో కర్నూలు-కడప కాలువ (కేసీ కెనాల్) నీళ్లూ కలిసి ప్రయాణిస్తాయి. కాలువ నీటిని ఏట్లోకి వదిలి, దిగువన రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ అందుకుంటారు. ఆ కాలువను తవ్వించింది లండన్ మదుపర్ల సొమ్ము. ఆర్థర్ కాటన్ ఆలోచనతో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 10 లక్షల పౌండ్ల మూలధనం సమకూర్చింది. ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ పడింది. చాలక 1866లో మరో 6 లక్షల పౌండ్లు తేవలసి వచ్చింది. కాలువ పొడవు సుంకేసుల నుంచి కడప దాకా, 306 కిలోమీటర్లు.

పని గట్టిది. దాని వెనక డబ్బు ఏర్పాటు మాత్రం వదులు. ఎకరం తడిసినా తడవకపోయినా మదుపరికి 5 శాతం ముట్టేది. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతుకు వానలు కలిసొచ్చిన ఏడు కాలువతో పనేముంటుంది? నీటితీరువ వడ్డీకి ఏనాడూ చాలలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. సొమ్ము పెట్టినవాడికి నీళ్లు పారుతున్నాయో లేదో చూసే అవసరమే లేకుండా చేసిన హామీ అది. నాకు కనిపించే అసలు లోపం అదే.

నీటి పనులకు బయటి సొమ్ము తేవడం అక్కడితో ఆగలేదు. 2003లో హైదరాబాద్ జలమండలి 7 శాతం వడ్డీకి 50 కోట్ల రూపాయల పన్ను రహిత బాండ్లు అమ్మింది. ఇటువంటి బాండ్ల సొమ్మును, వాటి బాకీని నడిపే పద్ధతిని దగ్గరగా చూస్తే అందులోని నేర్పు అర్థమవుతుంది.

50 కోట్ల మీద 7 శాతమంటే ఏడాదికి 3 కోట్ల 50 లక్షలు. నెలకు పంచితే 29 లక్షల చిల్లర. వడ్డీ గడువు దగ్గరపడ్డాక ఇంత మొత్తం వెతుక్కుంటే ఏ సంస్థకైనా కష్టమే. అందుకే జనం కట్టిన నీటి బిల్లుల్లో ముందే రాసిచ్చిన భాగం నేరుగా ఎస్క్రో ఖాతాలో, అంటే సంస్థ తన ఇష్టానికి వాడుకోలేని విడి ఖాతాలో, పడుతుంది. అందులోంచి ఆ నెల వంతు పక్కకు తీశాకే మిగిలినది సంస్థ చేతికొస్తుంది. జీతాలు, కరెంటు బిల్లు, మరమ్మతులు ఆ తర్వాతే. కాలువ చివరి ఆయకట్టుకు ముందు నీరిచ్చి, తర్వాత పైవాళ్లు తూములు ఎత్తుకోవడం లాంటిదిది. ఆ క్రమం ఒక్క నెల తప్పనివ్వకుండా నిలబెట్టడం ఎంత కష్టమో చివరి ఆయకట్టు రైతును అడగండి.

వడ్డీతో పని అయిపోదు. అసలు తీర్చడానికి సింకింగ్ ఫండ్ వేరే ఉంటుంది. వసూళ్లు తగ్గిన నెలను గట్టెక్కించడానికి నిల్వ నిధి ఇంకొకటి. ఇక్కడే ఖజానా చూసే ఉద్యోగి పనితనం తెలుస్తుంది. ఖాళీగా ఉన్న సొమ్మును ప్రభుత్వ పత్రాల్లో, బ్యాంకు డిపాజిట్లలో పెడతాడు. పావు శాతం ఎక్కువ వస్తుందని దీర్ఘకాలానికి పెట్టాడా, వడ్డీ కట్టాల్సిన రోజున డబ్బు బిగుసుకుపోతుంది. అందుకే గడువు తేదీని ముందు రాసుకుని, దానికి కొద్ది రోజుల ముందే చేతికొచ్చేలా డిపాజిట్ కాలాన్ని వెనక్కి లెక్కగడతాడు. పెద్ద లాభం కనబడదు, ఎవరూ మెచ్చుకోరు. నాకైతే సుంకేసుల ఆనకట్ట కట్టిన పనికి ఇది తీసిపోదు.

బాండు సొమ్ముదీ ఇదే కట్టుబాటు. పైపులైను కోసం తెచ్చింది పైపులైనుకే. పని ఆలస్యమైతే ఆ డబ్బు జీతాలకు మళ్లకూడదు. బాండు కొన్నవాళ్ల తరఫున ఒక ట్రస్టీ ఈ ఖాతాలన్నీ కనిపెట్టుకుని ఉంటాడు. 2015లో సెబీ తెచ్చిన మున్సిపల్ బాండ్ల నిబంధనలు కేటాయించిన రాబడికి విడి ఎస్క్రో ఖాతాను తప్పనిసరి చేశాయి.

ఈ పద్ధతి నంద్యాల, కర్నూలు కుళాయిలకు అతుకుతుంది, ఎందుకంటే అక్కడ ఇంటింటికీ బిల్లు వేసి క్రమంగా వసూలు చేసుకోవచ్చు. కుందూ ఆయకట్టుకు అతకదు. వాన చూసి, పంట చూసి వచ్చే నీటితీరువ మీద నెలనెలా వంతు తీయడం కుదరదు. సాగునీటికి అప్పు తెస్తే బడ్జెట్‌లోంచే తీర్చాలి. ఆ మాట మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి.