మరిగే నీళ్లు తట్టుకుంటుందా?

పాత వైద్య పరికరం చేతికొస్తే చాలామంది ముందు పదును చూస్తారు. నేను పిడి చూస్తాను. అది ఏ కాలంనాటిదో పిడే ముందు చెబుతుంది.

19వ శతాబ్దం చాలావరకు ఐరోపా శస్త్రవైద్యుల కత్తులకు, రంపాలకు నల్లటి ఎబొనీ కర్రతోనో, ఏనుగు దంతంతోనో పిడులు వేసేవారు. తడి చేతిలో జారకుండా ఎబొనీ మీద సన్నని గళ్లు చెక్కేవారు. మఖమలు పరిచిన పెట్టెలో ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలోనే గుంట ఉండేది. ఆ పనితనం ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ గళ్లలో, ఆ మఖమలులో ఇంకిపోయిన నెత్తురు తర్వాతి రోగి ప్రాణం తీయగలదని మాత్రం అప్పటి వైద్యుల్లో చాలామందికి తెలియదు.

1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కుళ్లకుండా చూసే పద్ధతిని ప్రకటించాడు. పరికరాల రూపాన్ని పూర్తిగా మార్చింది ఆ తర్వాత వచ్చిన ఆవిరి, మరిగే నీళ్లు. వేడికి దంతం పగులుతుంది, కర్ర ఉబ్బుతుంది, జిగురు వదిలేస్తుంది. అందుకే 1890 దరిదాపుల నుంచి పిడితో సహా అంతా లోహమే, పైన నికెల్ పూత. లోపల మురికి నిలవకుండా రెండు ముక్కలుగా విడదీసి కడిగే పట్టకార్లూ వచ్చాయి. కాబట్టి నేను వేసుకునే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది మరిగే నీళ్లు తట్టుకుంటుందా?

సిరంజి కథా ఇదే. 1853లో స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లో ప్రవాజ్ విడివిడిగా దానికి దారి వేశారు. తొలి సిరంజిల ముషలకానికి తోలు చుట్టేవారు. తోలును మరిగిస్తే పాడవుతుంది. 1894లో పారిస్‌లోని లూయర్ సంస్థ గొట్టం, ముషలకం రెండూ గాజుతోనే చేసిన సిరంజి తెచ్చింది. 1906లో బెర్లిన్ నుంచి గాజు గొట్టం, లోహపు ముషలకం ఉన్న రికార్డ్ సిరంజి వచ్చింది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టర్లు స్టీలు డబ్బాలో మరిగించిన గాజు సిరంజి ఆ వంశానిదే.

అయితే కర్ర పిడి కనబడగానే 1890కి ముందుదని తేల్చేయకూడదు. చేతికి అలవాటైన కత్తిని ఏ వైద్యుడూ ఒక్కరోజులో పారేయడు. ఆ పాత తరహా పనిముట్లు తర్వాత కూడా కొన్నాళ్లు అమ్ముడుపోయాయి. పది పాత లక్షణాలున్నా ఒక్క కొత్త లక్షణం కనబడితే దాని మాటే చెల్లుతుంది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు కరిగించింది 1913లో. కత్తి మీద ‘స్టెయిన్‌లెస్’ అన్న ముద్ర ఉంటే, పెట్టె ఎంత పాతదైనా ఆ కత్తి అంతకుముందుది కాదు.

ముద్రలు భూతద్దంతో చదవాలి. బ్రిటిష్ వస్తువు మీద డైమండ్ ఆకారపు రిజిస్ట్రేషన్ గుర్తుంటే ఆ నమూనా 1842-1883 మధ్య నమోదైంది. 1884 నుంచి ఆ గుర్తు పోయి అంకెలు వచ్చాయి. తయారీదారు చిరునామా ఇంకా మేలు. దుకాణం వీధి మారిన సంవత్సరం పాత డైరెక్టరీల్లో దొరుకుతుంది.

సంతల్లో పాతవని అమ్మే ఇత్తడి రంపాల గురించి ఒక్క మాట చాలు. ఇత్తడి అలుగు ఎముక కోయదు. అవి అలంకారానికి చేసినవి.

మీ ఇంట్లో తాతగారి వైద్యపు పెట్టె ఉంటే దయచేసి చింతపండుతో తోమకండి, ముద్రలు అరిగిపోతాయి. పనిముట్లను పెట్టెలోంచి విడదీయకండి. ఆయన ఏ ఊళ్లో, ఏ ఏళ్లలో వైద్యం చేశారో కాగితం మీద రాసి అందులోనే ఉంచండి. దంతపు పిడి ఉన్నదాన్ని అమ్మాలని మాత్రం చూడకండి. మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం చట్టరీత్యా నేరం.