సాక్ష్యంలో సంతోషం ఎక్కడిది?

నాన్న పోయిన మూడో నెలలో అమ్మ స్త్రీల కూడికలో లేచి సాక్ష్యం చెప్పింది. అప్పులు, అద్దె ఇల్లు, ఆగిపోయిన నా ఫెలోషిప్ అన్నీ చెప్పి, చివర్లో ‘అయినా సంతోషంగా ఉన్నాను’ అంది. వెనక చాప మీద కూర్చున్న నాకు సిగ్గేసింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని కదా, అణగిమణగి ఉండమని మతం నేర్పిన మాటే అమ్మ నోట వస్తోందనుకున్నాను. పండిత రమాబాయిని మళ్లీ చదివాకే ఆ వినడంలో తొందరపడ్డానని తెలిసింది.

రమాబాయి (1858–1922)ని మన విమర్శ రెండు ముక్కలు చేసింది. 1887లో ‘ది హైకాస్ట్ హిందూ ఉమన్’ రాసిన స్త్రీవాదిని దగ్గరకు తీసుకున్నాం. క్రైస్తవురాలిని ఇబ్బందిగా పక్కన పెట్టాం. 1907లో ఆమె ఇంగ్లీషులో రాసిన సాక్ష్యం ఈ విభజనకు లొంగదు. తరగని నిధి దొరికిందన్న సంతోషం ఆ పుస్తకం పేరులోనే ఉంది.

1870ల కరువులో తల్లినీ తండ్రినీ అక్కనూ పోగొట్టుకుంది. 1880లో అన్న, 1882లో భర్త పోయారు. చేతిలో పసిబిడ్డ మనోరమ. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది. మామూలు సాక్ష్యమైతే ఇక్కడ కన్నీళ్లు తుడుచుకుని ముగుస్తుంది. రమాబాయి అలా ముగించదు. అప్పటికి తనకు దొరికింది మతమే గాని క్రీస్తు కాదంటుంది. ఆ ఎరుకకు దాదాపు ఎనిమిదేళ్లు పట్టిందంటుంది. నాకు ఈ ఎడమే ముఖ్యం. బాప్తిస్మం తర్వాత ఇంగ్లండులో ఉన్న రోజుల్లో, తనకు ఆశ్రయమిచ్చిన ఆంగ్లికన్ సన్యాసినులతోనే సిద్ధాంతాల మీద వాదించింది. తన మనస్సాక్షిని ఎవరికీ అప్పగించనంది. ఆమె ఉత్తరాలే దానికి రుజువు. విధేయతకు బహుమానంగా వచ్చిన సంతోషం కాదది.

ఆ సంతోషం ఆమెను ఊరికే కూర్చోనివ్వలేదు కూడా. 1896–97 కరువులో ఆకలి తెలిసిన మనిషిగా మధ్య పరగణాలకు వెళ్లి, దిక్కులేని ఆడపిల్లలను పూనా దగ్గరి కేడ్గావ్‌కు తెచ్చుకుంది. అక్కడి ముక్తి మిషన్‌లో వాళ్లు చదువూ చేతిపనులూ నేర్చుకున్నారు. ఆమె బైబిలును మరాఠీలోకి అనువదిస్తే ఆ ముద్రణ పనిలో ముక్తి స్త్రీల చేతులున్నాయి.

అయినా సాక్ష్యమనే ప్రక్రియను అనుమానించక తప్పదు. గెలుపుతో ముగియాలన్న ఒత్తిడి దానికి ఉంది. దుఃఖం చెప్పీ చెప్పకముందే స్తోత్రం వచ్చేస్తుంది. కరువు నుంచి వచ్చిన ఆ పిల్లలకు విశ్వాసాన్ని ఎంచుకునే వీలు ఎంత? అన్నం పెట్టిన చేతిని కాదనగలరా? స్త్రీవాదులుగా ఇది అడగాలి. 1921లో మనోరమ చనిపోయింది. 1907 నాటి సాక్ష్యంలో ఆ దుఃఖానికి చోటు లేదు. మరుసటి ఏడాది తను పోయే దాకా రమాబాయి అనువాదం పని మాత్రం వదల్లేదు.

ఈ మధ్య అమ్మనడిగాను, ఆ రోజు సంతోషమని ఎందుకన్నావని.

‘దేవుడు విడిచిపెట్టలేదని అన్నానే,’ అంది. కాసేపాగి, ‘మీ నాన్న ఉండగా నేను లేచి నిలబడి మాట్లాడితే నలుగురు విన్నదెప్పుడు?’ అంది.

నా సిద్ధాంత గ్రంథంలో స్త్రీల ఆత్మకథల మీద ఒక అధ్యాయముంది. అమ్మ సాక్ష్యం అందులో లేదు.