ప్రశ్న లేని అద్భుతం

జనం మెచ్చిన పుస్తకం తెరకెక్కినప్పుడల్లా "కథ మార్చారు" అని గోల పెట్టడం మనకు పరిపాటి. మార్చడం నేరం కాదు. ఏది ఉంచి, ఏది వదిలారన్నదే విచారించవలసిన విషయం.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి "కాశీమజిలీ కథలు" మా పెదకాకానిలో చదివినవారికంటే విన్నవారే ఎక్కువ. కల్లంలో మిరపకాయలు ఎండబోసి రాత్రిళ్ళు కాపలా పడుకున్నప్పుడు మా తాతగారు చెప్పేవారు. పిల్లలం అడ్డుప్రశ్నలు వేసినా విసుక్కునేవారు కారు. ఆ పుస్తకం నడిచేదే ప్రశ్నతో. మణిసిద్ధుడు కాలినడకన కాశీకి పోతూ ఒక పశువుల కాపరి కుర్రవాణ్ణి తోడు రమ్మంటాడు. వాడు ఊరికే రాడు. దారిలో చూసిన వింతను గురించి ప్రతి మజిలీలోనూ అడుగుతాను, చెప్పితీరాలంటాడు. అంటే అక్కడ కథ దానం కాదు. తోడు నడిచినందుకు ముట్టవలసిన కూలి.

విజయావారు కె.వి.రెడ్డి దర్శకత్వంలో ఆ కథలలో ఒకదానికి అల్లావుద్దీన్ కథ ఛాయలు కలిపి 1951లో "పాతాళభైరవి" తీశారు. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించిన చిత్రమిది. విడుదలైన ఎన్నో ఏళ్ళకు నేను గుంటూరులో చూశాను. ఎస్.వి.రంగారావు మాంత్రికుణ్ణీ, పింగళి నాగేంద్రరావు మాటలనూ, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణాన్నీ కాదనగలవాడెవడు? తోటమాలి కొడుకును నాయకుడుగా నిలబెట్టడం కూడా మెచ్చదగినదే. అయినా హాలు నుంచి వెలితితోనే బయటికి వచ్చాను.

కారణం ఇది. రాజుకూతురిని కోరిన తోటరాముణ్ణి తనంతటి సంపద తెమ్మంటాడు రాజు. మనిషిని సొమ్ముతో తూచే ఈ తక్కెడ ఎవరు పెట్టారని రాముడు అడగడు. కోరినదల్లా ఇచ్చే ప్రతిమ చేతికి చిక్కితే, అతడు కోరేది మహలూ సిరులూను. అంటే ఆ తక్కెడకే తలవంచి, అందులో తన బరువు పెంచుకున్నాడన్నమాట. మాంత్రికుడు చస్తాడు, పెళ్ళి జరుగుతుంది. తోటపనివాళ్ళ బ్రతుకు మాత్రం ఎక్కడిదక్కడే.

జానపద చిత్రంలో వర్గ చైతన్యం వెతకడమేమిటని కొందరు మిత్రులంటారు. నిజమే, ఆ పుస్తకం నిండా కూడా రాజులే, రాణులే. దానిని విప్లవ సాహిత్యమనే భ్రమ నాకు లేదు. కాని అక్కడ ప్రతి వింతనూ నిలదీసే కాపరి ఉన్నాడు. చిత్రంలో అతడు లేడు. అతని చోట మనలను చీకట్లో నోరుమూయించి కూర్చోబెట్టారు. ఇది సినిమాకు చేతకాని పని కాదు. రాముడి పక్కనే అంజి ఉన్నాడు. ఆ ప్రశ్న అతని నోట పెట్టవచ్చును. అతణ్ణి నవ్వించడానికి వాడుకుని ఊరుకున్నారు.

ఈ చిత్రాన్ని విద్యార్థులకు చూపించవద్దని నేననను. తప్పక చూపించండి. ఆట ముగిసిన తరువాత దీపాలు వేసి, వారిచేత ప్రశ్నలు అడిగించండి. తెర వదిలివేసిన ఆ కాపరి కుర్రవాణ్ణి తరగతిలోకి పిలిచి కూర్చోబెట్టడం ఉపాధ్యాయులుగా మనం చేయగల పని.