గండి పడటం – గండి కొట్టడం: బఫర్ ఓవర్‌ఫ్లో బోధనలో రూపక విచారణ

ఉపోద్ఘాతం:
కంప్యూటర్ భద్రతను అభ్యసించేవారికి తొలి మెట్లలో ఎదురయ్యే పాఠం బఫర్ ఓవర్‌ఫ్లో. దీన్ని దశలవారీగా నేర్పిన ప్రసిద్ధ వ్యాసం 'స్మాషింగ్ ది స్టాక్ ఫర్ ఫన్ అండ్ ప్రాఫిట్'. 'అలెఫ్ వన్' అనే మారుపేరుతో 1996లో 'ఫ్రాక్' 49వ సంచికలో ఇది వెలువడింది. దీని శీర్షికలోని రూపకాన్ని కృష్ణా డెల్టా నీటి పలుకుబడితో పోల్చి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శీర్షిక – పాఠం:
'స్మాషింగ్' అంటే పగలగొట్టడం. లోపలి పాఠం చెప్పేది వేరు. ఫంక్షన్ ముగిశాక నియంత్రణ ఎక్కడికి తిరిగి వెళ్లాలో తెలిపే చిరునామా స్టాక్‌లో బఫర్‌కు ఆవల ఉంటుంది. హద్దు మీరిన దత్తాంశం దానిపైకి పొర్లితే సాధారణంగా ప్రోగ్రాము కూలిపోతుంది. ఎన్నో బైటు వద్ద ఆ చిరునామా మొదలవుతుందో లెక్కగట్టి, అక్కడ తాను కోరిన చిరునామాను నిలిపినప్పుడే అభ్యాసకుడు నియంత్రణను మళ్లించగలడు. ఇందులో విధ్వంసం కన్నా కొలతే ప్రధానం. 1988లో మోరిస్ వర్మ్ 'ఫింగర్' సేవలోని 512 బైట్ల బఫర్‌లోకి పంపినవి 536 బైట్లే.

డెల్టా పలుకుబడి:
2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నీట మునిగింది. 'గండి పడింది' అన్నప్పుడు మానవ కర్త లేడు. నీరు పల్లానికి పోయింది. తన చేనికి నీరు మళ్లించుకోవడానికి కాలువగట్టు తెంచితే 'గండి కొట్టాడు' అంటాం. ఇక్కడ కర్త, ఉద్దేశం, గమ్యం మూడూ ఉన్నాయి. ప్రోగ్రాము కూలడం మొదటిది. నియంత్రణ చేజిక్కించుకోవడం రెండవది. ఒక్క క్రియాభేదంతో తెలుగు ఈ రెండు దశలనూ విడదీస్తుంది. 'ఆదాయానికి గండి కొట్టారు' అనే వాడుకలో నైతిక నిర్ణయమూ ఉంది. 'వినోదం, లాభం' అనే ఆంగ్ల శీర్షికలో కొరవడినది అదే.

ఈ పోలికకు పరిమితి ఉంది. నీటికి పరిమాణమే బలం; దత్తాంశానికి అందులోని విలువలు కూడా బలమే. బోధకుడు ఈ తేడాను విడిగా చెప్పాలి.

ముగింపు:
అభ్యాసం కోసం ఇచ్చిన యంత్రంలో గండి కొట్టడం విద్య. అనుమతి లేని యంత్రంలో అదే పని సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం నేరం. లోపాన్ని సవరించడానికీ మనకు 'గండి పూడ్చడం' అనే మాట సిద్ధంగా ఉంది. సాంకేతిక పాఠాన్ని తెలుగులోకి తెచ్చేవారు కొత్త సమాసాలు కల్పించే ముందు కాలువగట్ల మీది ఈ మాటలను పరిశీలించాలి.