గాడిలోని గొంతు

మా పెంటపాడు వైపు పాత ఇళ్లలో అటక మీది రికార్డుల పెట్టె దించితే ముందు చెమ్మ వాసన కొడుతుంది. చుట్టూ గోదావరి కాలువలు, వరిచేలు. ఇంకాస్త దిగువకు వెళ్తే కొల్లేరు. ఈ తడిగాలి చేనుకు మేలే గాని ప్లేటుకు కీడు. అట్ట కవరు లోపల తెల్లగా బూజు పట్టేస్తుంది. ఆ బూజు కింద కరుణశ్రీ రాసి ఘంటసాల పాడిన పుష్పవిలాపం ఉండొచ్చు, రాయబారం నాటక పద్యాలు ఉండొచ్చు. ఆ రాయబారం రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది భీమవరం దగ్గరి యండగండి. మన నేల మీద పుట్టిన పద్యం మన అటక మీదే పాడైపోకూడదంటే దాన్ని సీడీలోకి దించుకోవాలి. అందుకు ఎలాంటి సీడీ రికార్డరు కావాలో తెలియాలంటే, ఆ యంత్రం ఎంత నాజూకైన పని చేస్తుందో ముందు చూడాలి.

ముల్లు గాడిలో కదిలితే పుట్టే విద్యుత్తు వోల్టులో కొన్ని వెయ్యోవంతులు మాత్రమే. పైగా ఎల్పీ కోసేటప్పుడే మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి కోస్తారు. అలా చేయకపోతే గాడులు మరీ వెడల్పై, ఒక వైపున ఇరవై నిమిషాల పాట పట్టదు. వినేటప్పుడు ఆ లెక్కను తిరగేయాలి. 1950ల మధ్యలో మొదలై ప్రపంచమంతా వ్యాపించిన ఆ లెక్కకు ఆర్‌ఐఏఏ అని పేరు. తిరగేసే పని ఫోనో ప్రీయాంప్లిఫయరుది, రికార్డరుది కాదు. టర్న్‌టేబులు తీగను నేరుగా రికార్డరుకు తగిలిస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పల్చగా, దూరంగా వినిపిస్తుంది. కాబట్టి రికార్డరుకన్నా ముందు మంచి ప్రీయాంప్లిఫయరు, సరైన ఎర్తు చూసుకోవాలి. ఎర్తు సరిగా లేకపోతే పద్యం కింద కరెంటు హమ్మింగు ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

ఇక రికార్డరు పనితనం. ఖాళీ డిస్కు పెట్టగానే అది వెంటనే రాయడం మొదలుపెట్టదు. డిస్కు లోపలి అంచున ఇందుకే వదిలిన చోట లేజరును కొంచెం కొంచెంగా మార్చి కాల్చి చూస్తుంది. ఆ డిస్కు రంగుపూతకు ఎంత వేడి సరిపోతుందో తేల్చుకున్నాకే పనిలోకి దిగుతుంది. కంసాలి గీటురాయి మీద బంగారం గీసి చూసుకోవడం లాంటిదే ఇది. ఆ తర్వాత సెకనుకు 44,100 సార్లు, ఎడమ కుడి చానెళ్లను విడివిడిగా, ధ్వని ఎత్తును 65,536 మెట్లలో కొలిచి రాస్తుంది. ప్లేటు తిరిగినంతసేపూ ఈ కొలతలో ఒక్కటీ తప్పకూడదు. సీడీ-ఆర్ మీద ఒకసారి కాలిన చోటును మళ్లీ చెరిపి రాయలేం.

మంచి రికార్డరును నేను ముందుగా గుర్తుపట్టేది లెవెల్ నాబ్‌తోనే. టేపులో మీటరు ముల్లు ఎర్ర గీత కాస్త దాటినా చెవి సర్దుకునేది. సీడీలో సున్నా డెసిబెల్ అంటే గోడ. దాన్ని తాకిన స్వరం విరిగిపోతుంది. అందుకే ప్లేటులో గట్టిగా పాడిన చోటు ముందే విని, అక్కడ కూడా మీటరు గోడకు నాలుగైదు డెసిబెళ్లు దిగువన ఆగేట్టు నాబ్‌ను పెట్టాలి. కొన్ని యంత్రాలు ఈ పని తామే చేస్తామంటాయి. పద్యానికి అవి పనికిరావు. నటుడు గొంతు తగ్గించి ఊపిరి తీసుకునే క్షణంలో ఆ యంత్రం లెవెల్ పెంచేస్తుంది. హార్మోనియం శ్రుతి ఉబ్బిపోతుంది, ప్లేటు చిటపట ముందుకొస్తుంది. తగ్గి పాడటం, ఎక్కి పాడటం మధ్య ఉన్న దూరమే పద్యం. ఆ దూరాన్ని చెరపని యంత్రమే మంచిది.

రెండో పరీక్ష ట్రాకు గుర్తులు. కాసేపు నిశ్శబ్దం వస్తే పాట అయిపోయిందనుకుని కొత్త నంబరు వేసే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. సినిమా పాటలకు అది బాగానే నడుస్తుంది. పద్యంలో మాత్రం చరణానికీ రాగానికీ మధ్య నటుడు ఆగుతాడు. ఆ ఆగడం పద్యంలో భాగం. యంత్రం అక్కడ నంబరు వేస్తే ఒక పద్యం మూడు ముక్కలవుతుంది. మరోపక్క పాత ప్లేటులో నిశ్శబ్దం పూర్తిగా ఉండదు కాబట్టి, నిజంగా పద్యం ముగిసిన చోట యంత్రం గుర్తే పట్టదు. అందుకే ఆ ఏర్పాటును ఆపేసి, చేత్తో బటను నొక్కి ట్రాకు వేసుకునే వీలున్న రికార్డరు కావాలి.

ఇళ్ల కోసం ఫిలిప్స్, పయనీర్ తెచ్చిన రికార్డర్లు ‘ఆడియో’ అని ముద్ర ఉన్న డిస్కులనే తీసుకుంటాయి. స్టూడియోల కోసం చేసిన టాస్కామ్, మరాంజ్ లాంటివి మామూలు సీడీ-ఆర్‌తో కూడా పనిచేస్తాయి. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి వాడిన యంత్రాలే. కాబట్టి ముందు ఒక డిస్కు రాసి, దాన్ని వేరే ప్లేయరులో చివరి ట్రాకు దాకా వినకుండా డబ్బు ఇవ్వొద్దు. మన ఊళ్లలో కరెంటు పోకకు యూపీఎస్ తప్పదు. రాసిన డిస్కు వేరే ప్లేయర్లలో పలకాలంటే ఆఖరున ఫైనలైజ్ చేయాలి. అది అయ్యేలోపు కరెంటు పోతే చేసిన పనంతా వృథా కావచ్చు.

ప్లేటును శుభ్రం చేయకుండా ఎంత మంచి యంత్రం పెట్టినా బూజే రికార్డవుతుంది. ఎల్పీని డిస్టిల్డ్ వాటరుతో మెత్తని గుడ్డ తడిపి, గాడి వెంబడే తుడవాలి. లక్కతో చేసిన 78 ప్లేటుకు స్పిరిట్ తగలనివ్వకూడదు, లక్క కరిగిపోతుంది. దాని గాడి వెడల్పు కూడా ఎక్కువ. ఎల్పీ ముల్లు అందులో అడుగుకు జారి దుమ్మునే గీకుతుంది. 78 ప్లేటుకు అంతకు మూడు నాలుగింతలు లావున్న ముల్లు వేరే కావాలి.

అన్నీ కుదిరాక నేను చేసే పరీక్ష ఒకటుంది. ప్లేటునూ, దాన్నుంచి దించిన సీడీనీ ఒకే పద్యం దగ్గర కలిపి మొదలుపెట్టి, శబ్దం సమానంగా పెట్టి, ఆంప్లిఫయరు స్విచ్చిని అటూ ఇటూ తిప్పుతాను. ఇంట్లో ఒకరిని వెనక్కి తిరిగి కూర్చోమని, ఏది ప్లేటో చెప్పమంటాను. చిటపటతో సహా రెండూ ఒకేలా వినిపించి, వాళ్లు స్విచ్చి సంగతి మరిచి పద్యంలో పడిపోతే, ఆ ప్లేటును కొత్త కవరులో పెట్టి బీరువాలో దాస్తాను.