తొమ్మిది పంక్తుల నీడ

మొన్న మే ఒకటో తారీఖు పొద్దున్నే మా ఫోన్లకు ఒక కాగితం ఫొటో వచ్చింది. రూళ్ల కాగితం, నీలం సిరా. పైన ‘నీడ’ అని ఒక్క మాట, దాని కింద తొమ్మిది పంక్తులు. ఏ పంక్తిలోనూ నాలుగు మాటలకు మించి లేవు. నెలాఖరు ఆదివారంలోగా ఆ తొమ్మిదింటికీ తొమ్మిది ఫొటోలు ఊళ్లో తిరిగి వెతికి తేవాలి. విశాఖపట్నంలో మేం ఏడుగురు స్నేహితులం నెలనెలా ఆడుకునే ఆట ఇది. ఆట అయ్యాక అందరూ ఫొటోల గురించే మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ కాగితం గురించి చెప్పాలని ఉంది. అంత పనితనమున్న చీటీ నా చేతికి రావడం అరుదు.

నియమాలు కొద్దివే. నెలకొకరు జాబితా రాస్తారు. రాసినవాళ్లు ఆ నెల ఫొటోలు తియ్యరు. ఫొటో ఆ నెలలో, ఆరుబయట తీసిందే అయ్యుండాలి. దేన్నీ జరపకూడదు, సర్దకూడదు, ఆకు తుంచకూడదు. చివరి ఆదివారం సాయంత్రం లాసన్స్ బే ఇసుకలో కూర్చుని, ముంత మసాలా తింటూ ఒక్కొక్కరం చూపిస్తాం. చూపించేవాళ్లు నోరు విప్పకూడదు. అది ఎన్నో పంక్తికి జవాబో చూసేవాళ్లే పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే ఆ ఫొటో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాం. మార్కులూ బహుమతులూ లేవు.

నీడ జాబితా రాసినావిడ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. మేమంతా టీచరుగారనే పిలుస్తాం. ఆవిడ ఎంచుకున్న మాటలోనే సగం పనితనం ఉంది. మండుటెండల నెలకు ‘నీడ’ అని పేరు పెట్టడం ఎవరికైనా తోస్తుంది. కానీ తెలుగులో నీడంటే చెట్టు కింద చల్లన, గోడమీద నల్లని ఆకారం, తలదాచుకునే చోటు కూడా. ఈ మూడర్థాల్లోనూ ఆవిడ పంక్తులు కట్టారు, ఏ పంక్తి ఏ అర్థానిదో చెప్పకుండా.

మొదటి పంక్తి, ‘ఇద్దరు పంచుకున్న నీడ’. ఇది తేలిక. తోపుడుబండి కింద కుక్కా మేకా పక్కపక్కన పడుకున్న ఫొటో ఒకరు మొదటి రోజే తెచ్చేశారు. జాబితా గుమ్మం దగ్గరే తలుపు వేసుకుని ఉంటే ఎవరూ లోపలికి రారు కదా, అందుకని మొదటిది తేలిగ్గా పెడతానని టీచరుగారు తర్వాత చెప్పారు. మూడో పంక్తి దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం: ‘నీడ పోగొట్టుకున్న వస్తువు’.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ వస్తువుకైనా కాస్తో కూస్తో నీడ ఉంటుంది. మబ్బు రోజున దేనికీ ఉండదు, కానీ అప్పుడు పోగొట్టుకున్నదని ఎలా రుజువు చేస్తాం? కీలకమంతా ఆ ‘పోగొట్టుకున్న’లో ఉంది. ‘నీడ లేని వస్తువు’ అని రాసి ఉంటే అదొక పొడుపుకథ అయ్యేది. ‘పోగొట్టుకున్న’ అనేసరికి నిన్నటిదాకా నీడ ఉంది, రేపు మళ్లీ వస్తుంది, ఇవాళ ఎక్కడికో పోయింది అని తెలుస్తోంది. అంటే ఆ ఒక్క క్రియ చెట్టునూ పుట్టనూ వెతకడం మానేసి కాలెండరు చూడమంటోంది. మన దేశంలో కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఊళ్లన్నిట్లోనూ ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి మనకు ఆ రోజు మే 10 ప్రాంతంలో పడుతుంది. గడియారం పన్నెండు కొట్టడానికి ఏడు నిమిషాల ముందు, నిటారుగా నిలబడ్డ ప్రతిదాని నీడా దాని పాదాల కిందికి జారిపోతుంది.

అది కనిపెట్టినవాళ్లు మాలో నలుగురు. ముగ్గురు మేడమీద పైపూ బిందే తీశారు. పోర్టులో పనిచేసే కుర్రాడు ఆర్కే బీచికి వెళ్లాడు. సెలవుల్లో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇసుకలో మూడు వికెట్లు. రెండు నిటారుగా ఉన్నాయి, వాటికి నీడ లేదు. మూడోది కాస్త ఒరిగింది, దానికి వేలెడంత సన్నని నీడ. ఆ ఒక్క గీత వల్ల ఎండ ఉందని, మిగతా రెండూ నీడ నిజంగానే పోగొట్టుకున్నాయని ఫొటోయే సాక్ష్యం చెబుతోంది. గాల్లో ఉన్న బంతి నీడ సరిగ్గా దాని కిందే, చిన్న నల్లచుక్కలా ఇసుకలో ఉంది. దేన్నీ సర్దకూడదన్న నియమం ఎంత మంచిదో నాకు ఆ ఒరిగిన వికెట్ చూశాకే పూర్తిగా అర్థమైంది. సర్దే అవకాశముంటే ఎవరైనా దాన్ని ముందు నిటారుగా పాతి ఉండేవారు.

మన అవధానాల్లో దత్తపది అని ఒక అంశం ఉంది. పృచ్ఛకుడు నాలుగు మాటలిచ్చి, వాటికి ఏమాత్రం పొంతన లేని విషయం మీద పద్యం చెప్పమంటాడు. సమస్య ఇచ్చే పృచ్ఛకుడైతే అర్థం అడ్డం తిరిగిన పాదమొకటి ఇచ్చి, దాన్ని సబబుగా పూరించమంటాడు. తిరుపతి వేంకటకవులు ఊరూరా అవధానాలు చేసిన కాలం నుంచీ మనం అవధానిని మెచ్చుకుంటూ వచ్చాం, మెచ్చుకోవాలి కూడా. కానీ అడిగే ప్రశ్నలో సత్తువ లేకపోతే ఎంతటి అవధాని అయినా ఏం చేస్తాడు? మంచి సమస్యకు లక్షణం ఒకటుంది: అసాధ్యమనిపించాలి, దారి మాత్రం అందులోనే దాగి ఉండాలి. టీచరుగారి మూడో పంక్తి అచ్చంగా అలాంటి సమస్య. ఆవిడకు అవధానాలంటే ఇష్టమో కాదో నేనెప్పుడూ అడగలేదు.

అయిదో పంక్తి, ‘తల ఎత్తకుండా చూసిన సూర్యుడు’. చాలామంది నీళ్లలో ప్రతిబింబం తీశారు. అది తప్పు కాదు, కానీ నీడ నెలలో నీళ్లెందుకు? నర్సుగా పనిచేసే మా స్నేహితురాలు డ్యూటీ దిగి నడిచొస్తూ కానుగచెట్టు కింద ఆగింది. నేలమీద ఎండ గుండ్రటి బిళ్లలు బిళ్లలుగా పడి ఉంది. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు, చీలికలూ మూలలూ ముక్కలూగా ఉంటాయి. అయినా కింద పడ్డ వెలుగు గుండ్రంగానే ఉంటుంది. ఎందుకంటే ప్రతి చిన్న సందూ ఒక సూదిబెజ్జం కెమెరా; అది నేలమీద వేసేది సందు ఆకారాన్ని కాదు, సూర్యుడి బొమ్మని. నడినెత్తి ఎండలో 5 మీటర్ల ఎత్తున ఉన్న సందు కింద సుమారు 4.6 సెంటీమీటర్ల సూర్యుణ్ణి గీస్తుంది. 2019 డిసెంబరు 26న విశాఖలో పాక్షికంగా గ్రహణం పట్టినప్పుడు ఇలాంటి చెట్ల కింద బిళ్లలన్నీ నెలవంకలైపోయాయి. టీచరుగారు ఆ రోజు తమ బడి ఆవరణలో పిల్లలకు చూపించారట. ఈ పంక్తి అప్పటి నుంచీ మనసులో ఉందన్నారు. నాలుగు మాటల వెనక అన్నేళ్ల నిరీక్షణ ఉందని తెలిశాక, నేను కానుగచెట్టు కింద నుంచి ఊరికే నడిచిపోలేకపోతున్నాను.

పంక్తుల వ్యాకరణం కూడా చూడాలి. పంచుకున్న, పోగొట్టుకున్న, చూసిన, జరిగే, పడ్డ. దాదాపు ప్రతి పంక్తిలోనూ ఒక క్రియ విశేషణంగా మారి నామవాచకం ముందు నిలబడింది. ఏ వస్తువు తేవాలో ఆవిడ ఎక్కడా చెప్పరు, ఏం జరుగుతుండాలో మాత్రమే చెబుతారు. అందుకే ఒకే పంక్తికి ఆరుగురం ఆరు రకాల జవాబులు తెస్తాం. ‘ఎండ లేకుండా పడ్డ నీడ’ అంటే ఒకరు వైశాఖ పౌర్ణమి వెన్నెట్లో కొబ్బరిమట్ట నీడ తెచ్చారు. ఇంకొకరు హఠాత్తుగా కురిసిన మే నెల వాన వెలిశాక రోడ్డుకు అడ్డంగా నిలబడి మరీ తీశారు: తడిసి నల్లబడ్డ రోడ్డు మధ్య ఆటో ఆకారంలో ఒక పొడి మచ్చ. ఆటో అప్పుడే కదిలి వెళ్లిపోయింది. వాన కూడా నీడ వేస్తుందని ఆ ఫొటో చూసేదాకా నాకు తట్టలేదు.

క్రియ లేని పంక్తి ఒక్కటే ఉంది. ఏడోది. ‘నిలువ నీడ’. అంతే.

మనం ఆ మాటను ‘లేదు’తో కలిపే వాడతాం. నిలువ నీడ లేకుండా పోయింది అంటాం, ఇల్లు పోయినప్పుడో ఊరు వదిలినప్పుడో. ఆవిడ ఆ ‘లేదు’ను కోసేసి, ఉన్న నిలువ నీడను చూపించమన్నారు. గుడిసెలు తెచ్చినవాళ్లున్నారు, ఫ్లైఓవరు కింద తీసినవాళ్లున్నారు. బ్యాంకులో పనిచేసే అతను తెచ్చిన ఫొటో దగ్గర మాత్రం అందరం చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయాం. ఉదయం తొమ్మిదింటి ఎండ. షెడ్డు లేని బస్టాపు. అక్కడున్న నీడల్లా ఒక కరెంటు స్తంభానిది, రోడ్డు పక్క మట్టిలో పొడుగ్గా పడిన సన్నని పట్టీ. ఆ పట్టీ మీదే, దాని వెడల్పులోనే, ఒకరి వెనక ఒకరుగా అయిదుగురు నిలబడ్డారు. ఎవరూ వాళ్లను వరస కట్టమనలేదు. ముందున్న ముసలావిడ చీర చెంగు మాత్రం పట్టీ దాటి ఎండలో మెరుస్తోంది. నిలువుగా ఉన్న నీడ, నిలబడడానికున్న నీడ, ఆ రెండు మాటలూ ఒకే ఫొటోలో కలిశాయి. అది ఏడో పంక్తి అని చెప్పడానికి ఎవరికీ ఒక్క క్షణం పట్టలేదు.

అతను వెనక నుంచి తీశాడు, ముఖాలు కనపడవు. తీశాక వెళ్లి వాళ్లకు చూపించి, ఉంచుకోమంటారా తుడిచెయ్యమంటారా అని అడిగాడు. అదీ మా నియమమే. ఈ నియమం ఎందుకు అవసరమో పాత హాలీవుడ్ సినిమా ఒకటి బాగా చెబుతుంది. 1936లో వచ్చిన ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రే’ ఇలాంటి వేటతోనే మొదలవుతుంది. అప్పట్లో అమెరికాలో డబ్బున్నవాళ్లు జాబితా పట్టుకుని వింత వస్తువులు ఏరుకొచ్చే పందేలు ఆడేవారు. ఆ సినిమాలోని జాబితాలో ఒక వస్తువు, లోకం మరిచిపోయిన మనిషి. పట్టుచీనాంబరాల్లో ఉన్న అక్కచెల్లెళ్లు న్యూయార్కులో నది ఒడ్డున చెత్తదిబ్బ దగ్గర బతుకుతున్నవాణ్ణి వెతుక్కుంటూ వస్తారు. ఎప్పుడు తలచుకున్నా నాకు ఆ సన్నివేశం ముల్లులా గుచ్చుకుంటుంది. మనిషి జాబితాలో వస్తువు కాకూడదు. టీచరుగారి తొమ్మిది పంక్తుల్లో ఎక్కడా ‘ముసలివాడు’, ‘బిచ్చగత్తె’, ‘కూలీ’ లాంటి మాట లేదు. మనుషులు వస్తే వాళ్ల పని వల్ల, వాళ్ల నిలబడడం వల్ల వచ్చారు.

ఉదాహరణకు ఆరో పంక్తి, ‘నీడ వెంట జరిగే పని’. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. అందుకని మే నెలలో జాలరిపేట ఒడ్డున బోట్లన్నీ ఇసుకలోనే ఉంటాయి, వాటి పక్కన వలలు బాగుచేసే పని సాగుతుంటుంది. పొద్దున బోటుకు పడమటి వైపు కూర్చున్నవాళ్లు మధ్యాహ్నానికి తూర్పు వైపుకు మారతారు. ఈ ఫొటో తీసింది నేనే. వల కడుతున్న పెద్దాయన ‘ఏటి బాబూ, నీడకి కూడా ఫొటో తీస్తారేటి?’ అని నవ్వి, తీసుకోమన్నాడు. జరగడాన్ని ఒక్క ఫొటోలో ఎలా చూపించాలో తెలియక గంటసేపు తిరిగాను. చివరికి ఆయన కూర్చున్న చోటు పక్కనే, మూరెడు దూరంలో, ఎండలో ఒక గుంట కనపడింది. అంతకు ముందు కూర్చున్న చోటు. చుట్టూ తెగిన నైలాను దారం ముక్కలు. దానికవతల ఇంకో గుంట, ఇంకొన్ని ముక్కలు. ఆ పొద్దంతా నీడ ఎంత జరిగిందో ఆయన ఇసుకలో రాసుకుంటూ వచ్చినట్టుంది.

కిందటి డిసెంబరు జాబితా నాది. ‘తీరం’ అని పేరు పెట్టి లైట్‌హౌసు, తెప్ప, శంఖం, గోపురం అంటూ తొమ్మిది నామవాచకాలు రాశాను. అందరూ ఒక్క ఆదివారం పొద్దున ముగించేశారు. ఫొటోలు బాగానే వచ్చాయి, కానీ అన్నీ ఒకేలా ఉన్నాయి. వస్తువు పేరు చెబితే కన్ను దాన్ని పోల్చుకుని ఆగిపోతుంది. ఇప్పుడు ఆ చీటీనీ నీడ చీటీనీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే తేడా అర్థమవుతోంది. టీచరుగారు రాసే ముందు నెలంతా వేళగాని వేళల్లో ఊరు తిరుగుతారు. కనీసం మూడు జవాబులు తన కంటితో చూస్తే తప్ప ఏ పంక్తినీ కాగితం ఎక్కించరు. ఆ మూడూ ఏమిటో ఆట అయ్యాక కూడా చెప్పరు.

నిరుడు జూలైలో ఆవిడే రాసిన ‘అంచు’ జాబితా కూడా మంచిదే. ‘గాలి పేర్చి నీరు కోసింది’ అన్న పంక్తి మమ్మల్నందర్నీ భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి నడిపించింది. వేల ఏళ్ల కిందట గాలి కుప్పపోసిన ఎర్ర ఇసుకను వాన వాగులు కోసిన చోటది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అందరూ ఒకే చోటికి వెళ్లడమే ఆ పంక్తిలో లోపం. నీడ జాబితాలో అలాంటి పంక్తి ఒక్కటీ లేదు.

తొమ్మిదోది, ‘మనిషికన్నా ముందొచ్చిన నీడ’. ఇది వెతికితే దొరకదు, కాచుకోవాలి. సాయంత్రం అయిదున్నరకు వీధి మలుపులో గోడకు ఎదురుగా నిలబడాలి. సైకిలు నీడ వస్తుంది, ఆ తర్వాత సైకిలు వస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న అర క్షణమే ఫొటో. నాకు పదకొండు సాయంత్రాలు పట్టింది.

మూడో పంక్తి తప్పిపోయిన ఇద్దరిలో నేనూ ఉన్నాను. సూర్యుడు దక్షిణానికి మళ్లుతూ ఆగస్టు 2 ప్రాంతంలో మరోసారి విశాఖ నడినెత్తికి వస్తాడు. ఈసారి పన్నెండు దాటిన మూడు నిమిషాలకు. నెల దాటిపోయింది కాబట్టి ఆ ఫొటో లెక్కలోకి రాదు. పైగా శ్రావణ మేఘాలు కమ్మి ఉండొచ్చు. అయినా ఆ రోజుకు సెలవు పెట్టేశాను.